యోషిదప్పకు గోత్రం

ఎమ్మిగనూరు నేతవీధిలో నరసన్న ఇల్లు ఎక్కడని అడిగితే ముగ్గురు మూడు దిక్కులు చూపిస్తారు. జపాన్ నరసన్న ఇల్లని అడగండి, వీధి మొదట్లో పడుకున్న కుక్క కూడా లేచి ముందు నడుస్తుంది. జపాన్ అన్నారు కదా అని ఆయనేదో విమానం దిగి వచ్చిన మనిషనుకోకండి. యాభై ఎనిమిదేళ్ళ బతుకులో విమానాన్ని కింద నుంచి కూడా సరిగ్గా చూడలేదు. మగ్గం గుంతలో నుంచి లేచి, నడుం పట్టుకుని వాకిట్లోకి వచ్చేలోపు అది వెళ్ళిపోయేది.

జపాన్ ఆ ఇంట్లోకి రావడానికి కారణం ఫ్యాను. ఇంటి మొత్తానికి సరిగ్గా తిరిగే ఫ్యాను ఒక్కటే, అది మగ్గాల గదిలో ఉంది. కూతురు యామిని ఎం.ఏ. చరిత్ర పరీక్షకు చదవాలంటే ఆ గాలి కిందే కూర్చోవాలి. మగ్గం చప్పుడులో మనసులో చదువుకుంటే ఒక్క ముక్క ఎక్కదు కాబట్టి ఆ పిల్ల గొంతెత్తి చదివేది. గుంతలో నరసన్న, మూలన రాట్నం దగ్గర కండెలు చుడుతూ ఆయన వదిన చౌడమ్మ, గడపలో బియ్యం ఏరుతూ ఆయన భార్య హంపమ్మ. పందొమ్మిదో శతాబ్దపు జపాన్‌ను ముగ్గురూ వద్దన్నా వినాల్సిందే.

మొదట్లో నరసన్న ఆ దేశాన్ని పెద్దగా పట్టించుకోలేదు. వేరే ఊరి పంచాయితీ మనకెందుకన్నట్టు నేసుకుంటున్నాడు. ఒకరోజు యామిని, 1869లో చక్రవర్తి క్యోటో నగరం వదిలిపెట్టి టోక్యోకు మకాం మార్చాడని చదివింది. నేతలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగింది.

"రాజధాని ఎత్తుకపోయినారా?"

"అవు నాయనా. రాజు పోయినాడు, ఆయనెంట దొరలు పోయినారు. పట్టుబట్టలు కొనేటోళ్ళు లేక క్యోటో నేతగాళ్ళు అల్లాడిపోయినారంట."

"అల్లాడిపోరా మల్ల! ఆ బాధ మన కర్నూలోళ్ళకు ఒగరు చెప్పల్నా? మూడేండ్లు మురిపించి ఐద్రాబాదుకు ఎత్తుకపోలేదా! సదువు పాపా, సదువు."

ఆ పూట నుంచి ఆయనకు జపాన్ పక్క మండలమైపోయింది. టోక్యో వైపు తొలి రైలు ఎప్పుడు నడిచిందో, జుట్టుముడులు ఎప్పుడు కత్తిరించుకోమన్నారో, అన్నీ అడిగి చెప్పించుకున్నాడు. 1876లో కత్తులు కట్టుకుని తిరగొద్దని ఆజ్ఞ వచ్చిందని విన్న మర్నాడు, కొళాయి దగ్గర కొట్లాడుకుంటున్న ఇద్దరి మధ్యకు పోయి, "జపానులో సమురాయిలంతటోళ్ళే కత్తులు కింద పెట్టినారు, మీరు బిందెలు కింద పెట్టలేరా?" అని తీర్పు చెప్పాడు. ఇద్దరూ కలిసి ఆయన్ను తిట్టారు. తగువు మాత్రం తీరింది.

ఇంకో రోజు యామిని, ఆ దేశంలో పెళ్ళైన ఆడవాళ్ళు పళ్ళకు నల్లరంగు పూసుకునే ఆచారం గురించి చదివింది. 1873లో స్వయంగా రాణిగారే ఆ రంగు మానేసి తెల్లటి పళ్ళతో నలుగురిలోకి వచ్చిందట. ఆమెను చూసి మిగిలినవాళ్ళూ మెల్లగా మానుకున్నారట.

"పండ్లకు మసి పూసుకునేదేంది, ఇదేం పోయేకాలం!" అంది హంపమ్మ.

చౌడమ్మ రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆమె రాట్నం ఆపింది. "ఒగతి మానుకుంటే అందరూ మానుకున్న్యారా?"

"ఆమె రాణి గద పెద్దమ్మా."

"ఊఁ" అని చౌడమ్మ మళ్ళీ రాట్నం తిప్పుకుంది. ఆ మాట అక్కడితో అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

ఆ తర్వాతి వారం అసలు పేజీ వచ్చింది. రాజు పోయాక చితికిపోయిన క్యోటోలో నిషిజిన్ అని ఒక నేతపేట ఉంది. 1872లో అక్కడి నుంచి ముగ్గురిని ఫ్రాన్సు దేశంలో లియోన్ నగరానికి పంపారు, జాకార్డు నేర్చుకుని రమ్మని. జాకార్డు అంటే మగ్గం నెత్తిన కూర్చునే యంత్రం. బెజ్జాలు కొట్టిన అట్టల దండ దాని మీద ఒక్కో అట్టా తిరుగుతుంటే కింద చీర మీద పువ్వో హంసో తనంతట తాను లేస్తుంది. నరసన్న నెత్తి మీదా ఉన్నది అదే. ముగ్గురిలో ఇద్దరు మరుసటి ఏడే యంత్రంతో తిరిగొచ్చారు. మూడోవాడు ఇంకొంచెం నేర్చుకుని వస్తానని ఆగాడు. పేరు యోషిద చూషిచి. 1874 మార్చిలో ఆయన ఎక్కిన ఓడ సముద్రాలన్నీ దాటి, సొంత దేశం ఒడ్డు దగ్గరికి వచ్చి, అక్కడ మునిగిపోయింది.

"మళ్ళా సదువు" అన్నాడు నరసన్న.

యామిని మళ్ళీ చదివింది. చదువుతూ చదువుతూ సగంలో ఆగి పెద్దమ్మ వైపు చూసి, పుస్తకం మూసేసింది. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆ ఇంట్లో మగ్గం ఆడలేదు, రాట్నం తిరగలేదు.

ఎందుకో తెలియాలంటే ముప్పై ఏళ్ళు వెనక్కి పోవాలి. నరసన్నకు ఓబుళేశు అని అన్న ఉండేవాడు. చేతిపనిలో దిట్ట, మతిమరుపులో అంతకంటే దిట్ట. ఎవరింటికి పోయినా అక్కడ తువ్వాలు మర్చిపోయి రావడం ఆయన అలవాటు. వీధిలో పదిళ్ళు వెతికితే ఆయన తువ్వాళ్ళు ఆరు దొరికేవి. చౌడమ్మతో పెళ్ళైన నాలుగో ఏట, జాకార్డు నేర్చుకుని వస్తానని షోలాపూరు పోయాడు. అక్కడ మన నేతవాళ్ళు వీధులకు వీధులు ఉన్నారు. ఏడాదిన్నర ఉండి, పని నేర్చి, యంత్రం కొని, దాంతోపాటు లారీ ఎక్కాడు. మంత్రాలయం దగ్గర ఏరు దాటగానే, "స్వామి దర్శనం చేసుకుని రేప్పొద్దున బస్సుకొస్తా, మిషను పైలంగా దించమను" అని డ్రైవరుకు చెప్పి దిగిపోయాడు.

యంత్రం వచ్చింది. మనిషి రాలేదు. తుంగభద్ర ఆ వారం నిండుగా పారుతోంది. ఒడ్డున రాతి మీద తువ్వాలు దొరికింది.

ఊరంతా వచ్చి చౌడమ్మ బొట్టు తీయించబోయింది. ఆమె ఒకటే మాట అంది: "తువ్వాల దొరికితే ఏమాయె? ఆయప్ప తువ్వాల మర్చిపోని తావు యాడన్నా ఉండాదా?" నిజమే కదా మరి. ఆ తువ్వాలు తీసుకుపోయి పెట్టెలో పెట్టుకుంది. బొట్టు అలాగే ఉంది. పిల్లలు లేరు. యామినిని ఎత్తుకుని పెంచింది ఆమే.

నేర్చినవాడు లేకుండా యంత్రం ఒక్కటి మిగిలితే ఏమవుతుంది? నరసన్న ఏడు నెలలు దాంతో కుస్తీ పట్టాడు. అట్టలు తారుమారుగా కుట్టి, మొదటి చీర మీద హంసలన్నింటినీ తలకిందులుగా నేశాడు. కొనేవాళ్ళు నవ్విపోయారు. చౌడమ్మ ఆ చీర తెచ్చుకుని కట్టుకుంది. "నీళ్ళల్లో మునిగి మేత ఏరుకుంటాండాయిలే" అంది.

ఇక నరసన్న గుండెలోని ముల్లు సంగతి చెప్పాలి. ఏటా భాద్రపద అమావాస్యకు పెద్దలకు పెట్టేటప్పుడు నాయన పేరు, అమ్మ పేరు, తాత పేరు చెప్పి నీళ్ళు వదులుతాడు. అన్న పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాడు. పెట్టాలంటే అన్న పోయాడని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే వదిన బొట్టు చెరపాలి. పెట్టకపోతే, కొడుకుల్లేని అన్నకు ఇంకెవడు పెడతాడు? తన తర్వాత ఆ పేరు చెప్పేవాడే ఉండడు. ఆ మధ్య ఆసుపత్రిలో గుండె పరీక్ష చేసి జాగ్రత్త అన్నారు. ముప్పై ఏళ్ళుగా అన్న ఆకలితో గుమ్మం బయట నిలబడి ఉన్నాడన్న బాధ ఆయనది. ఆ బాధ ఎవరికీ చెప్పలేదు, ముఖ్యంగా వదినకు.

అలాంటివాడు ఆ పేజీ విన్నాక నాలుగు రోజులు ముద్ద దిగకుండా తిరిగి, ఐదో రోజు ఇంట్లో ప్రకటించాడు: "ఈ అమాసకు మంత్రాలయం పోయి, యోషిదప్పకు పిండం పెడ్తా."

మన పక్క మగవాడి పేరుకు అప్ప తగిలిస్తేనే అది పేరు. అందుకని యోషిద యోషిదప్ప అయ్యాడు.

హంపమ్మ చేట కింద పడేసింది. "కందకు లేని దురద కత్తిపీటకేమయ్యా? ఆయనకు వాళ్ళ దేశంలో పెట్టేటోళ్ళు లేరా?"

"వాళ్ళు పెట్టేది వాళ్ళు పెడ్తారు. ఆయప్ప తెచ్చిన ఇద్య మన నెత్తిన ఆడ్తాండాది."

"మన నెత్తినుండేది షోలాపూర్ది కదయ్యా!"

హంపమ్మ నాలుక కరుచుకుని మూలకు చూసింది. రాట్నం తిరుగుతూనే ఉంది.

సంగతి గంటలో వీధంతా పాకింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అన్నారు. సాయంత్రానికి వీధిలో పెళ్ళిళ్ళకు గోత్రాలు చూసే పెద్దమనిషి వెంకటేశ్వర్లు చేతికర్రతో దిగాడు. గోత్రాల విషయంలో ఆయన మాట దాటి ఆ వీధిలో తాళి పడదు.

"తిథి ఏందప్పా ఆయనది?" అన్నాడు కూర్చుంటూనే.

"మార్చి ఇరవై, 1874 అన్నా."

"ఆ యేటి పంచాంగం నా కాడ లేదు, మా తాత కాడా లేదు. తిథి తెలీనోళ్ళకు పెద్దల అమాసే. అది సరిపాయె. గోత్రం?"

"మన గోత్రమే."

"అదెట్లప్పా? గోత్రం తెలీనోళ్ళకు కాశ్యప గోత్రం చెప్తారు. అది చెప్పి పో."

"తెలీకపోయేదేందన్నా? మగ్గం మీద బతికినోడు. మగ్గమోనికి మగ్గమోని గోత్రం కాక మళ్ళీ యాడనుంచి తెస్తారు?"

"ఒరే, మన గోత్రం చెప్తే దాయాది అయితాడురా! రేపు వాళ్ళ వంశంలో ఎవురన్నా పోతే నీకు మైల."

"పడతా."

"పిల్లను ఇచ్చి పుచ్చుకునేదానికి కూడా ఉండదు మల్ల!"

నరసన్న ఇది ఆలోచించలేదు. కాసేపు గడ్డం గీరుకుని కూతురి వైపు తిరిగాడు. "పాపా, జపాన్ సంబంధం మనకొద్దులేమ్మా. శానా దూరం."

"సరే నాయనా" అంది యామిని, నవ్వు ఆపుకోలేక పుస్తకం అడ్డం పెట్టుకుని.

వెంకటేశ్వర్లు టీ తాగి, ఈ ముడి ముడిలానే ఉండనీ అని లేచి వెళ్ళిపోయాడు. తర్వాతి చిక్కు తిండి. జపానాయన ఏం తింటాడని హంపమ్మ అడిగింది. అన్నం, చేప అంది యామిని. అమావాస్య పూట ఈ ఇంట్లో చేపా అని హంపమ్మ చెవులు మూసుకుంది.

"ఉగ్గాని, బజ్జి చేయండి" అన్నాడు నరసన్న. "ఉగ్గాని చేసే బొరుగులూ బియ్యమే కద."

అని, అన్నందుకు తనే తల దించుకున్నాడు. ఉగ్గాని వాసన వస్తే పెళ్ళిపీటల మీద నుంచి కూడా లేచి పోయే మనిషి ఓబుళేశు. అది ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

రాట్నం ఆగింది. "మిరపకాయ బజ్జి ఆ జపానాయప్ప తట్టుకుంటాడా?" అని అడిగింది చౌడమ్మ.

"తట్టుకుంటాడు వదినా."

"అట్లయితే నేనే చేస్తా. హంపమ్మ చేస్తే ఉప్పు ఎక్కువైతాది." ఆగి, ఇంకో మాట అంది. "నేనూ వస్తా ఏటికి."

ముప్పై ఏళ్ళలో ఆమె ఒక్కసారి కూడా మంత్రాలయం పోలేదు. స్వామి మీద భక్తి లేక కాదు, ఆ ఏటి మొహం చూడలేక. నరసన్న వద్దని ఎలా చెప్తాడు?

అమావాస్య పొద్దున ఆటో మాట్లాడుకుని నలుగురూ బయల్దేరారు. చౌడమ్మ తలకిందుల హంసల చీర కట్టుకుంది. నుదుట ఎప్పటికంటే పెద్ద బొట్టు పెట్టింది. ఒళ్ళో ఉగ్గాని డబ్బా, దాని కింద గుడ్డసంచి. ఆటో నడిపే అతను, పిండం ఎవరికి అని అడిగి, జవాబు విని, మంత్రాలయం దాకా అద్దంలో నరసన్ననే చూస్తూ నడిపాడు. రెండుసార్లు గుంతలో పడేశాడు.

ఏటి ఒడ్డున తిరునాళ్ళలా ఉంది. పిండాలు పెట్టించే స్వామి ఒక్కొక్క వరుసలో పదిమందిని కూర్చోబెట్టి, ఊపిరి తీయకుండా చేయిస్తున్నాడు. నరసన్న వంతు వచ్చింది. ఇక్కడేదో పెద్ద యుద్ధం జరుగుతుందని, జవాబులన్నీ రాత్రంతా వల్లె వేసుకుని వచ్చాడు పాపం.

"పేరు?"

"యోషిదప్ప, సామీ."

"గోత్రం?"

నరసన్న తన గోత్రం చెప్పాడు. స్వామి రెప్ప కూడా వేయలేదు. ఎన్ని పేర్లు వినుంటాడో ఆ మనిషి! నరసన్న కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా.

"నీకేమైతాడు?"

ఈ ప్రశ్న వల్లె వేసుకున్నవాటిలో లేదు. వెంకటేశ్వర్లు అడగలేదు, యామిని పుస్తకంలోనూ రాయలేదు.

"ఏమప్పా, నాయనా, తాతా, మామా? తొందరగా చెప్పు. ఎనకాల జనముండారు."

నరసన్న నోరు తెరిచాడు. "అన్న" అన్నాడు.

ఆ ఒక్క మాట ముప్పై ఏళ్ళ తర్వాత బయటపడింది. దాని వెనక ఏడుపు తన్నుకొచ్చింది. అరవైకి దగ్గర పడిన మనిషి, పదిమంది మధ్య, చేతిలో నువ్వులు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పక్క వరుసవాళ్ళు, పాపం ఈ మధ్యనే పోయినట్టుంది అనుకున్నారు. స్వామి మంత్రం చెప్తూనే ఉన్నాడు. వెనక్కి తిరిగి వదిన మొహం చూసే ధైర్యం నరసన్నకు లేకపోయింది.

పిండం పెట్టాడు. నీళ్ళు వదిలాడు. స్వామి పక్కవాడి వైపు తిరగబోతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"నరసన్నా, ఇంగో ముద్ద పెట్టు."

నరసన్న అప్పుడు వెనక్కి తిరిగాడు.

"పరాయి దేశమోడు ఒగడే యాడ తింటాడప్పా, కొత్త తావులో? జతకు ఒగరుండల్ల గద. పెట్టు."

"వదినా..." అన్నాడు నరసన్న. "పెడితే మల్ల ఊర్లో వాళ్ళు..."

చౌడమ్మ ముందుకొచ్చి మెట్టు మీద కూర్చుంది. "ఊర్లో వాళ్ళు వస్తే నాతో మాట్లాడమను. ఆ రాణెమ్మ పండ్లకు మసి మానుకుంటే దేశం మునిగిపాయెనా? నేను బొట్టు తీయను. ఆయప్ప కూడు తినల్ల, నా బొట్టు నాకుండల్ల. మన ఈదికి నేనే రాణిననుకో." అని యామిని వైపు తిరిగింది. "ఏమ్మా, అట్లనే గద ఉండేది నీ బుక్కులో?"

"అట్లనే ఉండాది పెద్దమ్మా" అంది యామిని కళ్ళు తుడుచుకుంటూ.

హంపమ్మ ఇంకో ఆకు పరిచింది. స్వామికి ఈ గొడవ సగం అర్థమైంది, సగం అక్కర్లేదు. "పేరు?" అన్నాడు.

"ఓబుళేశు" అన్నాడు నరసన్న. ఈసారి ఆగలేదు. గోత్రం అదే, సంబంధం అదే. రెండో ముద్ద మొదటి ముద్ద పక్కన కూర్చుంది. రెండాకుల్లోనూ చౌడమ్మ ఉగ్గాని వడ్డించి, బజ్జీలు మాత్రం ఒక ఆకులో రెండు, ఇంకో ఆకులో ఐదు పెట్టింది. ఎవరికి రెండో చెప్పనక్కర్లేదు కదా. మొదటిసారి తినేవాడికి అంత కారం మంచిది కాదు.

పెద్దలకు పెట్టినప్పుడు ఆకు పక్కన కొత్త బట్ట పెట్టడం మన ఆనవాయితీ. జపానాయన కోసం నరసన్న తను నేసిన అంగవస్త్రం తెచ్చాడు, హంసలు సరిగ్గా నిలబడ్డది. రెండో ఆకు పక్కన పెట్టడానికి ఏమీ లేక అటూ ఇటూ చూశాడు.

చౌడమ్మ గుడ్డసంచిలో చేయి పెట్టి మడత పెట్టిన తువ్వాలు తీసింది. అంచులు పసుపుపచ్చబారి, మడతల దగ్గర నూలు తేలిపోయి ఉంది. ఆకు పక్కన పెట్టి, అరచేత్తో రెండుసార్లు సవరించింది. తర్వాత తలెత్తి ఏటి వైపు చూస్తూ, ఇంట్లో నుంచి పనికి పోయే మొగుడికి చెప్పినట్టు చెప్పింది.

"ఈసారన్నా మర్చిపోకుండా తీసుకపో."